పెర్టెలోట్ మందుచీటీ: నాటువైద్యమా, పుస్తకవైద్యమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథలలో (యాత్రికులు దారిలో ఒకరికొకరు చెప్పుకునే కథల సంపుటి అది) నన్స్ ప్రీస్ట్, అంటే సన్యాసినుల వెంట ఉండే పూజారి, చెప్పే కోడిపుంజు కథ ఉంది. అందులో పీడకల వచ్చిందని వణికిపోతున్న పుంజుకు పెర్టెలోట్ అనే పెట్ట వానపాములు తినమనీ, ఆ తరువాత విరేచనానికి మూలికలు తినమనీ చెబుతుంది. అది ఆనాటి పల్లెజనం నిజంగా వాడుకున్న నాటువైద్యమా, నవ్వించడానికి కవి కల్పించినదా, అసలు ఆ కాలంవారు కలలను నమ్మేవారా అని మీరు అడిగారు. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం అన్నారు కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను. ఈ కథను నేను ముప్ఫయ్యేళ్లకు పైగా పాఠం చెప్పాను, అందులో మొదటి పదేళ్లు కొంత తప్పుగానే చెప్పాను.

సూటిగా చెప్పాలంటే, అది కల్పన కాదు, నాటువైద్యం కూడా కాదు. పెర్టెలోట్ చెప్పేది ఆనాటి విశ్వవిద్యాలయాలలో బోధించిన, లాటిన్ గ్రంథాలలో ఉన్న శాస్త్రీయ వైద్యం. రోగనిర్ణయం, మందులు ఇచ్చే వరుస, మూలికల ఎంపిక, అన్నీ ఆ శాస్త్రం ప్రకారమే ఉన్నాయి. నవ్వు పుట్టేది ఆ వైద్యం ఎవరి నోట వచ్చింది, ఎవరికి, ఏ సందర్భంలో అన్నదాని నుంచి. ఇక కలల విషయానికి వస్తే, నమ్మడమూ నమ్మకపోవడమూ రెండూ ఆ కాలంలో గౌరవనీయమైన పక్షాలే. కవి ఆ రెండు పక్షాలనూ పుంజూ పెట్టా పడుకునే ఒక దూలం మీద పక్కపక్కన కూర్చోబెట్టి వాదులాడించాడు. మీరు వెతుకుతున్న అసలైన జానపద విశ్వాసాలు చాసర్‌లో ఉన్నాయి కానీ ఈ కథలో కాదు, వేరే చోట్ల ఉన్నాయి. వాటిని చివరలో చెబుతాను.

1390 ప్రాంతంలో రాసిన ఈ కథ దాదాపు 620 పంక్తులు ఉంటుంది. ఒక పేద వితంతువు పెరట్లో చాంటిక్లీర్ అనే పుంజు, అతనికి ఏడుగురు పెట్టలు. తెల్లవారుజామున చాంటిక్లీర్ గొంతులో మూలుగుతాడు. పక్కనున్న పెర్టెలోట్ ఏమైందని అడిగితే తన కల చెబుతాడు: వేటకుక్కలాంటి జంతువొకటి తనను పట్టుకోబోయింది, దాని రంగు పసుపుకూ ఎరుపుకూ మధ్యలో ఉంది, తోక చివరా రెండు చెవుల చివరలూ నల్లగా ఉన్నాయి, మూతి చిన్నది, కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. మనకు అది నక్క అని వెంటనే తెలిసిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక నక్కను చూడని పుంజుకు తెలియదు. పెర్టెలోట్ ముందు అతని పిరికితనాన్ని ఈసడిస్తుంది, గడ్డం ఉండి మగవాడి గుండె లేదా అని నిలదీస్తుంది, ఆ తరువాత వైద్యానికి దిగుతుంది.

ఇక్కడ నెమ్మదిగా చదవాలి. ఆమె వాదం ప్రకారం కలలు అతిభోజనం వల్ల, కడుపులోంచి పైకి ఎగసే ఆవిరుల వల్ల, శరీరంలోని రసాలు మోతాదు మించడం వల్ల పుడతాయి. ఆనాటి వైద్యంలో దేహాన్ని నడిపే రసాలు నాలుగు: రక్తం, కఫం, ఎర్రపైత్యం, నల్లపైత్యం. రక్తం వేడీ తడీ, కఫం చల్లనీ తడీ, ఎర్రపైత్యం వేడీ పొడీ, నల్లపైత్యం చల్లనీ పొడీ. ఎర్రపైత్యం ముదిరినవాడికి నిప్పులు, ఎర్రటి మంటలు, కరవబోయే ఎర్రటి మృగాలు, తగవులు కలలో వస్తాయి. నల్లపైత్యం ముదిరినవాడు నల్ల ఎలుగుబంట్లనూ, నల్ల ఎద్దులనూ, నల్ల దయ్యాలనూ చూసి నిద్రలో కేకలు పెడతాడు. ఇప్పుడు పుంజు కలను మళ్లీ చూడండి. ఒళ్లు ఎర్రన, కొసలు నలుపు. అందుకే పెర్టెలోట్ ఒక్క పైత్యాన్ని కాకుండా రెండింటినీ దించాలంటుంది. రోగి చెప్పిన రంగులను బట్టి ఏ రసం ఎంత పెరిగిందో లెక్కవేసి, ప్రధానంగా ఎర్రపైత్యం, కొద్దిగా నల్లపైత్యం అని తేల్చిన వైద్యురాలు ఆమె. ఎదురుగా ఉన్నది నక్క వర్ణన అయితే, ఆమెకు అందులో రోగి నాలుక, కళ్లు, మలం రంగు చూసినట్టుగా రోగలక్షణాలు కనిపించాయి. శాస్త్రం తెలిసినవారు కళ్లెదుట ఉన్న దానిని ఎంత చక్కగా చూడకుండా ఉండగలరో చెప్పడానికి దీనికంటే మంచి పద్యభాగం నేను చదవలేదు.

నేను తప్పు చెప్పానన్నది ఈ తరువాతి భాగం గురించే. ఒకటి రెండు రోజులు వానపాములు తిని, ఆ తరువాత విరేచనం మందు తీసుకోమని ఆమె అంటుంది. "పెట్ట కనుక పురుగులు తినమంది, అదే హాస్యం" అని చాలాకాలం క్లాసులో చెప్పి ముందుకు సాగిపోయేవాడిని. ఒక సంవత్సరం, ఈ ఉపన్యాసాన్ని డాక్టరు చీటీలాగా తిరగరాయమని విద్యార్థులకు పని ఇచ్చాను. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి చీటీలో రెండు దశలు గీసింది: మొదటిదానికి ముంజిజ్ అని, రెండవదానికి ముస్‌హిల్ అని పేర్లు పెట్టింది. వాళ్ల తాతగారు హకీమ్ అట. చెడిన రసాన్ని ఒకేసారి బయటికి తోయకూడదట. ముందు కొన్ని రోజులు దానిని పండించే మందు ఇచ్చి, అది కదలడానికి సిద్ధమైన తరువాతనే భేదిమందు ఇవ్వాలట. పెర్టెలోట్ వాడిన 'డైజెస్టివ్' అన్న మాటకు ఆనాటి వైద్యపరిభాషలో సరిగ్గా ఇదే అర్థం, అన్నం అరగడానికి వేసుకునే గోలీ అని కాదు. అప్పటిదాకా నేను ఆ మాటను నేటి అర్థంలోనే చదువుతున్నానని ఆ రోజు తెలిసింది.

ఆ పోలిక కాకతాళీయం కాదు. యునానీ అంటేనే గ్రీకు దేశానిది అని అర్థం. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ వైద్యం అరబ్బీలోకి వెళ్లి, పర్షియా పండితుడు అవిసెన్నా చేతిలో గ్రంథస్థమై, 11, 12 శతాబ్దాలలో కాన్‌స్టంటైన్ ది ఆఫ్రికన్, క్రెమోనా జెరార్డ్ వంటి అనువాదకుల ద్వారా లాటిన్‌లోకి చేరి పశ్చిమ యూరప్ విశ్వవిద్యాలయాలకు పాఠ్యమైంది. అదే చెట్టు రెండవ కొమ్మ పర్షియా మీదుగా దక్కనుకు వచ్చింది. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రిలో ఈనాటికీ దమ్, బల్‌ఘమ్, సఫ్రా, సౌదా అని వినిపించే నాలుగు మాటలు పెర్టెలోట్ వైద్యానికి ఆధారమైన ఆ నాలుగు రసాలే. ఆమె చెప్పిన మూలికలలో ఒకటైన ఫ్యూమిటరీ జాతి మొక్కనే హకీములు షాహ్‌తరా అంటారు. కాంటర్‌బరీ దారిలో చెప్పిన ఒక పెట్ట వైద్యాన్ని అర్థం చేసుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లనక్కరలేదు, చార్మినార్ దాకా వెళితే చాలు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన విద్యార్థులు ఎర్రపైత్యం అనగానే ఆయుర్వేదంలోని పిత్తం అని సమీకరణం రాసేస్తారు. పిత్తప్రకృతి గలవారు కలలో అగ్నినీ, మెరుపులనూ, ఎర్రటి మోదుగపూలనూ చూస్తారని అష్టాంగహృదయం చెప్పిన మాట నిజమే, చదవగానే పెర్టెలోట్ గుర్తుకు వచ్చే మాట కూడా నిజమే. కానీ ఆయుర్వేదంలో దోషాలు మూడు, గ్రీకు వైద్యంలో రసాలు నాలుగు. నల్లపైత్యానికి మనవైపు సరిపోయే జత లేదు. పోలికగా చూపించండి, మూలంగా చూపించకండి.

మూలికల జాబితా ఇది: లారియోల్, సెంటారీ, ఫ్యూమిటరీ, హెల్లెబోర్, కటాప్యూస్, గైట్రిస్ పళ్లు, హెర్బ్ ఐవ్. ఇందులో సెంటారీ, ఫ్యూమిటరీ చేదు మొక్కలు, పెద్దగా ప్రమాదం లేనివి. మిగతావాటిలో కొన్ని మాటలు కాదు. లారియోల్ అంటే ఒక రకం డాఫ్నీ, విషం. హెల్లెబోర్ నల్లపైత్యాన్ని దించుతుందనీ, పిచ్చి కుదురుస్తుందనీ గ్రీకుల కాలం నుంచి ప్రతీతి, మోతాదు తప్పితే ప్రాణం తీస్తుంది. కటాప్యూస్ జెముడు జాతిది, మన ఆముదం, నేపాళం ఉన్న కుటుంబంలోనిదే. చిన్నప్పుడు ఆముదం పట్టించుకున్నవారికి కూడా దీని దెబ్బ ఊహకు అందదు, నేపాళం గింజ పేరు విన్నవారికి కొంత అందుతుంది. ఇలాంటి వాటిని తూకం లేకుండా, శుద్ధి లేకుండా, పెరట్లో మొలిచినవి మొలిచినట్టే ముక్కుతో పొడుచుకుని తినేయమని ఆమె సలహా. పైనుంచీ కిందనుంచీ కూడా శుభ్రం కావాలట. విరేచనం మందులు విషాలు, నాకు బాగా తెలుసు, నాకొద్దు అని చాంటిక్లీర్ తరువాత అంటాడు. మొండి మొగుడి సాకులా వినిపిస్తుంది కానీ, అక్షరాలా నిజం. మూలికల ఎంపికలో ఆమె పండితురాలే, మోతాదు దగ్గరే శాస్త్రం గాలికి పోయింది.

నవ్వు ఎక్కడ ఉందని మీరు అడిగారు కదా, అది ఇలాంటి చోట్లే ఉంది. వానపాములు ప్రాచీన గ్రీకు మూలికాశాస్త్రవేత్త డయోస్కోరిడిస్ కాలం నుంచీ మూడవనాటి చలిజ్వరానికి మందుగా గ్రంథాలలో ఉన్నాయి, కనుక ఆమె మాటకు ప్రమాణం ఉంది. కానీ కోడికి వానపాము పథ్యం ఎలా అవుతుంది, అది రోజూ తినే తిండే కదా. ఎండ ముదిరేలోగా మందు తీసుకోకపోతే జ్వరం వస్తుందనీ, కావాలంటే ఒక గ్రోట్ పందెం అనీ అంటుంది. గ్రోట్ అంటే నాలుగు పెన్నీల వెండినాణెం, పెట్ట ఆ పందెం ఎక్కడి నుంచి తెచ్చి కడుతుందో ఆలోచించండి. ఈ ఊళ్లో మందుల దుకాణం లేదు కాబట్టి నేనే చెబుతాను అని మొదలుపెట్టడం ఇంకా చమత్కారం. కాంటర్‌బరీ కథల ప్రస్తావనలో ఒక వైద్యుడు వస్తాడు. డయోస్కోరిడిస్, గాలెన్, అవిసెన్నా మొదలైన పదిహేనుమంది ఆచార్యుల పేర్లు అతనికి కంఠతా వచ్చు, అతనికీ మందుల వర్తకులకూ మధ్య పరస్పర లాభం ఉంది, బంగారం గుండెకు మంచి మందు గనుక బంగారమంటే అతనికి ప్రత్యేకమైన ప్రేమ. ఆ వైద్యుడు డబ్బు పుచ్చుకుని చెప్పేదే ఈ పెట్ట పెరట్లో ఉచితంగా చెబుతోంది. ఇద్దరి శాస్త్రం ఒక్కటే. కవి కర్ర ఎవరి వీపు మీద పడిందో మీరే చూడవచ్చు.

ఇప్పుడు కలల విషయం. ఆ కాలంవారు నమ్మేవారా అన్న ప్రశ్నను ఏ కలను, ఎవరు అని విడదీసి అడగాలి. సుమారు 400వ సంవత్సరం ప్రాంతంవాడైన లాటిన్ రచయిత మాక్రోబియస్ కలలను ఐదు రకాలుగా విభజించాడు. మూడు అర్థవంతమైనవి, రెండు పట్టించుకోనక్కరలేనివి. కడుపు బరువు వల్ల, పగటి చింత వల్ల వచ్చేవి ఆ పట్టించుకోనక్కరలేని వాటిలో చేరతాయి. మన చరకసంహిత ఇంద్రియస్థానం ఏడు రకాలు చెప్పి, చూసినవి, విన్నవి, కోరుకున్నవి వగైరా ఐదింటికి ఫలం లేదని, రాబోయేది తెలిపే కలను, దోషం వల్ల పుట్టిన కలను వేరుగా ఉంచింది. అంటే ఎక్కడైనా చదువుకున్నవారు కలలను గుడ్డిగా నమ్మలేదు, గుడ్డిగా కొట్టివేయనూ లేదు, జాతులుగా విభజించుకున్నారు. చిక్కల్లా వచ్చిన కల ఏ జాతిదో తేల్చడంలోనే ఉంది. పెర్టెలోట్ అది దోషజం అంటుంది, చాంటిక్లీర్ అది భవిష్యత్తు తెలిపేది అంటాడు. ఇద్దరికీ గ్రంథం ఒక్కటే, అందులో ఎవరు చూపించే పుట వారిది. పైగా కల వచ్చింది తెల్లవారుజామున. ఆ వేళ వచ్చిన కల నిజమవుతుందన్న నమ్మకం మన ఇళ్లలో ఎంత ఉందో ఇటలీ కవి డాంటే కావ్యంలోనూ అంత ఉంది.

చాసర్ సొంత అభిప్రాయం ఏమిటని పరీక్ష పేపర్లలో తరచుగా అడుగుతారు, పిల్లలు "నక్క నిజంగా వచ్చింది కనుక కవి కలలను నమ్మాడు" అని రాస్తారు. అలా రాయవద్దు. ఆయన హౌస్ ఆఫ్ ఫేమ్ కావ్యం మొదట్లో కలలకు కారణాలు ఇవి కావచ్చు, అవి కావచ్చు అని పెద్ద పట్టిక చదివి, నాకు తెలియదు, దేవుడు ప్రతి కలనూ మంచిగా మార్చుగాక అని వదిలేస్తాడు. ఆయనదే అయిన ట్రాయిలస్ అండ్ క్రిసెయిడ్ కావ్యం అయిదవ భాగంలో, ట్రాయిలస్ స్నేహితుడు పాండరస్ అదే పట్టికను వేళాకోళంగా చదువుతాడు: పూజారులు దైవసూచన అంటారు, వైద్యులు దేహప్రకృతి అంటారు, లేదా ఉపవాసం, లేదా తిండిపోతుతనం అంటారు, కలలు ముసలమ్మలకు వదిలెయ్ అంటాడు. కానీ ఆ కావ్యంలో ట్రాయిలస్‌కు వచ్చిన అడవిపంది కల నిజమే అవుతుంది. ఒక కవి మూడు చోట్ల ఒకే పట్టికను మూడు రకాల గొంతులతో చదివించాడంటే, అతని ఆసక్తి కల నిజమా కాదా అన్నదాని మీద కంటే, కల గురించి మనుషులు మాట్లాడే తీరు మీదనే ఎక్కువ అని నా అభిప్రాయం.

పెర్టెలోట్ తన పక్షాన చూపించే ఏకైక ప్రమాణం కేటో: కలలను లెక్కచేయకు అన్నాడు. కేటో అనే రోమన్ పేరుతో చలామణీ అయిన ఈ ద్విపదలు ఆనాటి పిల్లలకు లాటిన్ నేర్పే వాచకం. పెద్దబాలశిక్ష పట్టుకుని మహాపండితుడితో శాస్త్రార్థానికి దిగడం వంటిది ఇది. అసలు ఆ ద్విపద రెండవ సగంలో, మెలకువలో మనసు కోరుకునేదే నిద్రలో కనిపిస్తుంది కనుక లెక్కచేయకు అని కారణం ఉంటుంది. అందులో పైత్యం మాట లేదు. ఆమె తనకు పనికివచ్చిన సగం తీసుకుని, మిగతా సగం వదిలేసింది.

చాంటిక్లీర్ జవాబు దాదాపు 200 పంక్తులు, అంటే కథలో మూడోవంతుకు దగ్గర. కేటో కంటే పెద్దవాళ్లు చెప్పారంటూ రెండు కథలు విస్తారంగా చెబుతాడు. ఇద్దరు యాత్రికులు ఒక ఊళ్లో చోటు దొరకక విడివిడిగా బస చేస్తే, ఎద్దుల కొట్టంలో పడుకున్నవాడు హత్యకు గురై, మూడుసార్లు స్నేహితుడి కలలో కనిపించి, తన శవం పడమటి ద్వారం దగ్గర పేడబండిలో ఉందని చెబుతాడు. రెండో కథలో ఓడ ఎక్కవద్దని కల వచ్చినవాడిని తోటివాడు ఎగతాళి చేసి తాను ఎక్కి మునిగిపోతాడు. హత్య జరిగిన కథ రోమన్ వక్త సిసిరో రాసిన శకున శాస్త్ర చర్చలో ఉంది. అయితే అక్కడ దానిని చెప్పేది శకునాలను సమర్థించే సోదరుడు క్వింటస్, రెండవ భాగంలో సిసిరో తానే దిగి ఆ వాదాన్ని ఖండిస్తాడు. పుంజు మొదటి భాగం మాత్రమే చదివినట్టుంది. ఆ తరువాత ఏడేళ్ల బాలరాజు కెనెల్మ్, డానియెల్, జోసెఫ్, క్రీసస్, ఆండ్రోమకీ వరుసగా వచ్చేస్తారు. కెనెల్మ్ చరిత్ర నువ్వు చదివి ఉంటే ఎంత బాగుండేది, నా చొక్కా అయినా ఇచ్చేసేవాడిని అంటాడు, ఒంటిమీద ఈకలు తప్ప మరేమీ లేని పుంజు.

ఇంత వాదించి, ఈ కల నాకు కీడు తెస్తుంది అని తేల్చి, వెంటనే ఏం చేశాడో చూడండి. స్త్రీ పురుషుడి వినాశనానికి మూలం అని అర్థం వచ్చే లాటిన్ వాక్యం చెప్పి, దానికి "స్త్రీ పురుషుడి ఆనందం, సర్వసుఖం" అని తప్పు అనువాదం వినిపించి, పెర్టెలోట్ కళ్ల చుట్టూ ఉన్న ఎరుపు చూసి భయం మరిచి, దూలం మీద నుంచి కిందికి దూకేస్తాడు. వాదంలో గెలిచాడు, గెలిచిన వాదాన్ని దూలం మీదే వదిలేశాడు. మే నెల 3వ తేదీ ప్రాంతంలో, కూరమొక్కల మడిలో ఒక సీతాకోకచిలుకను చూస్తూ, ఆ మొక్కల మధ్యనే పొంచి ఉన్న నక్కను చూస్తాడు. మూలికలు తినమని భార్య చూపించిన పెరడు అదే. నక్క పొగడ్తకు కళ్లు మూసి కూయబోయి మెడ అప్పగించడం, చివరకు నక్క నోరు తెరిపించి తప్పించుకోవడం మీకు తెలిసినవే. భార్య సలహా విని చెడిపోయాడని కథకుడు మధ్యలో నిట్టూరుస్తాడు కానీ, ఆమె సలహా అతడు విన్నది ఎక్కడ? ఒక్క ఆకు కూడా ముట్టలేదు.

ఇది చాసర్ కావాలని తిప్పిన మలుపు అని ఎలా తెలుస్తుందంటే, ఆయనకు ముందున్న ఫ్రెంచ్ నక్కకథ రెనార్‌లో పాత్రలు తలకిందులుగా ఉన్నాయి. 12వ శతాబ్దం చివరి భాగంలోని ఆ కథలో, ఎర్రటి బొచ్చుకోటు తొడుక్కున్నదేదో వచ్చి, ఎముకల అంచు ఉన్న ఆ కోటును తనకు బలవంతంగా తొడిగినట్టు పుంజు కలగంటాడు. పింట్ అనే పెట్ట అది నక్క అనీ, ఎముకల అంచు అంటే పళ్లనీ సరిగ్గా చెబుతుంది, పుంజు కొట్టిపారేస్తాడు. అక్కడ పెట్ట కలను చదవగలిగిన జానపద వివేకం. చాసర్ ఆ వివేకాన్ని తీసివేసి, ఆ స్థానంలో వైద్యవిద్య పెట్టాడు. మీ ప్రాజెక్టుకు నేను సూచించే అసలు విషయం ఇదే: జానపద జ్ఞానం ఉన్న చోట పుస్తకజ్ఞానాన్ని పెట్టగానే నక్క కనిపించకుండా పోయింది.

ఇక నిజమైన జనవిశ్వాసాల దగ్గరికి వద్దాం. కాంటర్‌బరీ కథలలోనే మిల్లర్ అనే యాత్రికుడు చెప్పే కథలో వడ్రంగి జాన్, తన ఇంట్లో అద్దెకున్న చదువరి నోరు తెరిచి పైకి చూస్తూ కూర్చుంటే దయ్యం పట్టిందనుకుని, ఇంటి నాలుగు దిక్కులా తిరిగి, గడప బయట నిలబడి రాత్రి మంత్రం చదువుతాడు. అందులో క్రీస్తు, సెయింట్ బెనెడిక్ట్ పేర్లు ఉంటాయి, అర్థం మాత్రం సగం తెలుస్తుంది, సగం తెలియదు. దిష్టి తీసే మాటలు విన్నవారికి ఆ ధోరణి కొత్తకాదు. అదే కథలో అబ్సొలోన్ అనే కుర్రవాడు, రోజంతా నా నోరు దురదపెట్టింది, అది ముద్దుకు శకునం, రాత్రంతా విందులో ఉన్నట్టు కల కూడా వచ్చింది అని సంబరపడతాడు. ఏలకుల వంటి గింజా అతిమధురమూ నమిలి, నాలుక కింద ఆకు పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళతాడు. ముద్దు దొరుకుతుంది, శకునం అబద్ధం కాలేదు, కాకపోతే కిటికీలోంచి చాచినది ముఖం కాదు. కుడికన్ను అదిరితే ఏమవుతుందో చెప్పే తాహతు ఏ గ్రంథానికీ ఉండదు, అమ్మమ్మకే ఉంటుంది. అబ్సొలోన్ నోటి దురద అలాంటిది. మీ ప్రాజెక్టులో జానపదం అనే శీర్షిక కింద వెళ్లవలసినవి ఇవి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, వైఫ్ ఆఫ్ బాత్ అనే యాత్రికురాలు చెప్పుకునే ముచ్చట. జాన్‌కిన్ అనే కుర్రవాడిని మాటల్లో పెట్టడానికి, నువ్వు నన్ను చంపబోయినట్టు, పక్కంతా రక్తమయమైనట్టు కల వచ్చింది, అయినా రక్తం కనిపిస్తే బంగారం కలిసివస్తుందట కదా అంటుంది. ఆ మరుక్షణమే మనతో, అంతా అబద్ధం, నాకు ఏ కలా రాలేదు, ఇలా చెప్పమని మా పెద్దావిడ నేర్పింది అంటుంది. పెద్దావిడ నేర్పినది ఇక్కడ కలశాస్త్రం కాదు, కలశాస్త్రాన్ని వాడుకునే విద్య. కలలో రక్తం చూస్తే డబ్బు వస్తుందన్న మాట అందరికీ తెలిసి ఉంటేనే ఆ ఎత్తు పారుతుంది, కనుక ఆ నమ్మకం ఎంత ప్రచారంలో ఉందో చెప్పడానికి ఈ అబద్ధమే మంచి సాక్ష్యం. ఈ పంక్తులు కొన్ని రాతప్రతులలో ఉన్నాయి, హెంగ్‌వర్ట్ అనే పాత రాతప్రతిలో లేవు. ఉదహరించేటప్పుడు ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో తప్పక చెప్పండి.

నాటుమందుల పక్షాన పార్డనర్, అంటే చర్చి పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునే యాత్రికుడు, చూపించే గొర్రె భుజపుటెముకను కూడా చేర్చవచ్చు. దానిని బావిలో కడిగి, ఆ నీటితో పశువుల నాలుక కడిగితే పురుగు మేసి ఉబ్బిన ఆవు లేస్తుందట, గజ్జి తగ్గుతుందట, ఆ నీళ్లతో పులుసు కాచి ఇస్తే భార్యను అనుమానించే మొగుడి జబ్బు కూడా కుదురుతుందట. ఇది మోసమని అతడే ఒప్పుకుంటాడు, కనుక ఎక్కువ విశ్లేషణ అవసరం లేదు.

ఆఖరుగా రెండు మెలకువలు. మొదటిది, కథ తొలి పంక్తులను దాటవేయకండి. ఆ పేద వితంతువుకు అతిభోజనం వల్ల వచ్చే జబ్బు ఎన్నడూ లేదని, మితమైన తిండి, శ్రమ, మనసుకు తృప్తి, ఇవే ఆమె మందులని, కీళ్లవాతం ఆమె నాట్యానికి అడ్డురాలేదని కవి ముందే చెబుతాడు. ఆమె భోజనం పాలు, ముతక రొట్టె, కొంచెం పందిమాంసం, ఎప్పుడైనా ఒకటి రెండు గుడ్లు. అతిభోజనం వల్ల కలలు వస్తాయన్న మాటకూ, ఆ వితంతువు గురించి చెప్పిన మాటకూ వాడిన పదం ఒకటే, 'రిప్లెక్షన్'. మనుషుల ఇంట్లో లేని జబ్బు ఆ ఇంటి కోళ్లగూట్లో ఉంది. రెండవది, మూలికలకు తెలుగు పేర్లు పెట్టే ఉత్సాహం వద్దు. గైట్రిస్ పళ్లు బక్‌థార్న్ కావచ్చు, డాగ్‌వుడ్ కావచ్చు, హెర్బ్ ఐవ్ ఏ మొక్కో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఇలాంటి చోట చాసర్ వాడిన పేరునే తెలుగు లిపిలో ఉంచి, పక్కన రెండు అభిప్రాయాలూ రాయండి. ఒక పేరు ఖాయం చేసి రాసిన వ్యాసాన్ని నేనే ఒకసారి అచ్చుకు పంపి, మరుసటి సంచికలో సవరణ వేయించుకోవలసి వచ్చింది.